అమెరికా రాజ్యాంగాన్ని బట్టీ పట్టకుండా చదవడం ఎలా? సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి సిద్ధమవుతున్న తెలుగువారికి

మా అత్తయ్యగారు తెనాలిలో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడ న్యూజెర్సీలో సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాక ప్రశ్నల జాబితా ప్రింట్ తీయించుకుని, రోజూ పొద్దున పూజ అయ్యాక గంటసేపు చదివేవారు. ప్రశ్న అడిగితే చాలు, తడుముకోకుండా జవాబు చెప్పేవారు. ఒక ఆదివారం నేను ఆఫీసర్ స్థానంలో కూర్చుని, జాబితాలోని వరస వదిలేసి, నా సొంత మాటల్లో ఒకటి అడిగాను: "అధ్యక్షుడు ఒక బిల్లుని వద్దన్నాడు. అయినా అది చట్టం కావచ్చా?" ఆవిడ ఆగిపోయారు. "ఏమ్మా, ఇది లిస్టులో లేదే!" అన్నారు కంగారుగా.

నిజానికి దానికి కావలసిన విషయమంతా ఆవిడ చదివిన పేజీల్లోనే ఉంది. ముక్కలు ముక్కలుగా గుర్తుంది, ఒక ముక్కకి ఇంకో ముక్కతో ఉన్న సంబంధం తెలియలేదు. ఆ రోజు నుంచి జాబితా పక్కన పెట్టి, ముందు రాజ్యాంగాన్నే చదివాం. మూడు వారాలు, రోజుకి గంట. మేము ఎలా చదివామో అదే ఇక్కడ రాస్తున్నాను. మీ అమ్మానాన్నలకి చెప్పాలన్నా, మీరే పరీక్షకి వెళ్తున్నా పనికొస్తుంది.

ముందు మీది ఏ టెస్టో తేల్చుకోండి

సిటిజన్‌షిప్ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం 2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ పంపినవారికి కొత్త టెస్టు. జాబితాలో 128 ప్రశ్నలుంటాయి. ఆఫీసర్ 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 రాగానే ఆపేస్తారు, 9 తప్పినా ఆపేస్తారు. అంతకుముందు పంపినవారికి పాత టెస్టు: 100 ప్రశ్నల నుంచి 10 వరకు అడుగుతారు, 6 వస్తే చాలు. ఇంగ్లిష్ గానీ సివిక్స్ (ప్రభుత్వం, చరిత్ర ప్రశ్నలు) గానీ, ఏదైనా ఒక భాగం తప్పితే 60 నుంచి 90 రోజుల లోపల ఇంకో అవకాశం ఇస్తారు, అప్పుడు తప్పిన భాగం మాత్రమే రాయాలి. కాబట్టి మొదటిసారే అంతా అయిపోవాలన్న టెన్షన్ పెట్టుకోకండి.

పెద్దవాళ్ల విషయంలో మూడు మినహాయింపులు గుర్తుంచుకోండి. దరఖాస్తు నాటికి 50 ఏళ్లు దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉన్నవారికీ, 55 దాటి 15 ఏళ్లు ఉన్నవారికీ ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. సివిక్స్ ప్రశ్నలకి తెలుగులోనే జవాబు చెప్పొచ్చు, అందుకు ఇంటర్‌ప్రెటర్‌ని వెంట తీసుకెళ్లాలి. 65 దాటి 20 ఏళ్లు ఉన్నవారికి ఇంకా తేలిక: నక్షత్రం గుర్తున్న 20 ప్రశ్నలు చదివితే చాలు, వాటిలోంచి 10 అడుగుతారు, 6 చెప్పాలి. ఈ సంగతి తెలియక మొత్తం జాబితా చదువుతూ నిద్ర పాడుచేసుకునే పెద్దవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే ఇవాళే చెప్పండి.

కొత్త టెస్టు గురించి ఇంకో మాట. పాత జాబితాలో "రాజ్యాంగంలో మొదటి మూడు మాటలు ఏవి?" అన్న ప్రశ్న ఉంది. కొత్త జాబితా ఆ మాటలు తనే చెప్పేసి, వాటి అర్థం ఏమిటని అడుగుతుంది. ఒక్కో రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు ఎందుకు, ఎలక్టోరల్ కాలేజీ (రాష్ట్రాల వారీ ఓట్లతో అధ్యక్షుణ్ని ఎన్నుకునే పద్ధతి) ఎందుకు ముఖ్యం అని కూడా అడుగుతుంది. "ఎందుకు" అన్న ప్రశ్నకి బట్టీ జవాబు నాలుక చివరే ఉండిపోతుంది. అందుకే మూలం చదవమంటున్నాను.

పుస్తకం, పెన్సిల్, ఒకే ఒక్క ప్రశ్న

అమెరికా రాజ్యాంగం చాలా చిన్నది. మన రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చేటప్పటికే 395 అధికరణలు. దీనిలో ఏడే ఏడు ఆర్టికల్స్, సుమారు 4,500 మాటలు. వాటి వెనక 27 సవరణలు. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయండి, పక్కన రాసుకోవడానికి మార్జిన్ వదలండి.

చదివేటప్పుడు ప్రతి వాక్యం దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇది ఎవరి చేతులు కడుతోంది?" జవాబుని పెన్సిల్‌తో మార్జిన్‌లో రాయండి. కాంగ్రెస్‌వా (ఇక్కడి పార్లమెంటు; ప్రతినిధుల సభ, సెనేట్ అని రెండు సభలు), అధ్యక్షుడివా, జడ్జీలవా, రాష్ట్రాలవా, పోలీసులవా? ఈ కాగితం మొత్తం ఆ పని కోసమే పుట్టింది. అధికారం ఇచ్చిన చోటే ఆ అధికారానికి పగ్గం కూడా వేసి ఉంటుంది. ఆ పగ్గం ఎక్కడుందో వెతకడం అలవాటైతే జవాబులు వాటంతటవే వస్తాయి.

మొదటి రోజు పీఠిక ఒక్కటే చదవండి. 52 మాటలు, ఒకే వాక్యం. "వుయ్ ద పీపుల్" అని మొదలవుతుంది. మా అత్తయ్యగారు అది చదవగానే కళ్లజోడు సర్దుకుని, "ఇది మన పీఠికే కదమ్మా, 'భారత ప్రజలమైన మేము' అని ఎన్నేళ్లు చెప్పించానో పిల్లలతో!" అన్నారు. మనది దీనికి 160 ఏళ్ల తర్వాత రాసుకున్నది, మొదటి మాటలు ఇక్కడివే. రాజు ఇచ్చింది కాదు, దేవుడు ఇచ్చింది కాదు, ప్రజలు తమకి తాము ఇచ్చుకున్నది అని అర్థం. కొత్త టెస్టులో అడిగే ప్రశ్నకి జవాబు కూడా ఇదే: ప్రజలు తమని తాము పాలించుకోవడం. ఇంగ్లిష్‌లో "సెల్ఫ్ గవర్నమెంట్" అని చెబితే సరిపోతుంది.

రెండు భయాలు తెలుసుకోండి

ఆర్టికల్స్‌లోకి వెళ్లేముందు ఒక రోజు చరిత్రకి ఇవ్వండి. లేకపోతే నియమాలన్నీ ఎవరో బుద్ధి పుట్టి రాసినట్టు అనిపిస్తాయి.

1776లో 13 వలసలు ఇంగ్లండ్ రాజు మూడో జార్జిని వదిలించుకున్నాయి. తమ మాట అడగకుండా పన్నులు వేశాడని, తమ మధ్య సైన్యాన్ని పెట్టాడని కోపం. ఆ భయంతో మొదట రాసుకున్న ఒప్పందంలో కేంద్రానికి దాదాపు ఏమీ ఇవ్వలేదు. ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అనే ఆ ఒప్పందం 1781లో అమల్లోకి వచ్చింది. దాని కింద కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలని డబ్బు అడగాలి, అవి ఇస్తే ఇచ్చినట్టు. దేశాన్ని నడిపే అధ్యక్షుడు లేడు, దేశం మొత్తానికి కోర్టు వ్యవస్థ లేదు. ఒక్క అక్షరం మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి.

1786లో మసాచుసెట్స్ పశ్చిమ భాగంలో రైతులు తిరగబడ్డారు. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. అప్పులు, పన్నులు కట్టలేక పొలాలు పోతుంటే, జప్తులు జరగకుండా కోర్టులని మూయించారు. వాళ్ల నాయకుల్లో ఒకడు డేనియల్ షేస్. ఆ గొడవ అణచడానికి కాంగ్రెస్ దగ్గర డబ్బూ లేదు, సైన్యమూ లేదు. ఆ మరుసటి ఏడాది, 1787 వేసవిలో, ఫిలడెల్ఫియాలో 55 మంది ప్రతినిధులు కూర్చున్నారు. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షత వహించాడు. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు. సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు చేశారు.

రాజు లాంటి మనిషి మళ్లీ వస్తాడన్న భయం ఒకటి, ఏ పనీ చేయలేని ప్రభుత్వం వస్తుందన్న భయం ఇంకొకటి. రాజ్యాంగంలో ఏ వాక్యం తీసుకున్నా ఈ రెండిట్లో ఒక దానికి మందు. మార్జిన్‌లో 'రాజు' అనో 'షేస్' అనో రాసుకోండి. మా అత్తయ్యగారు అలాగే రాశారు, ఇంటర్వ్యూ ముందు రోజు ఆ రెండు మాటలు చూసుకుంటేనే ఆవిడకి సగం గుర్తొచ్చేది.

మూడు గడులు గీసి బాణాలు వేయండి

ఇక్కడ తొందరపడకండి, కనీసం నాలుగు రోజులు ఉండండి. తెల్లకాగితం మీద మూడు పెద్ద గడులు గీయండి. ఒకదానిలో కాంగ్రెస్, ఒకదానిలో అధ్యక్షుడు, ఒకదానిలో కోర్టులు. మొదటి ఆర్టికల్ కాంగ్రెస్ గురించి, రెండోది అధ్యక్షుడి గురించి, మూడోది కోర్టుల గురించి. అన్నిటికంటే పొడుగైంది మొదటిదే, ఎందుకంటే చట్టం చేసే అధికారాన్నే వాళ్లు అన్నిటికంటే పెద్దదిగా చూశారు.

మనవాళ్లకి ఇక్కడే తికమక. మన దేశంలో ప్రధానమంత్రి పార్లమెంటులో కూర్చుంటారు, మంత్రులంతా ఎంపీలే. సభలో మెజారిటీ పోతే ప్రభుత్వం పడిపోతుంది. ఇక్కడ ఆ లెక్క పూర్తిగా మర్చిపోవాలి. అధ్యక్షుడు కాంగ్రెస్ సభ్యుడు కాడు. కేబినెట్‌లో ఉన్నవారు కాంగ్రెస్‌లో ఉండకూడదని మొదటి ఆర్టికల్ ఆరో సెక్షన్ చెబుతుంది. సెనేటర్‌గా ఉన్న బరాక్ ఒబామా 2008లో అధ్యక్షుడిగా గెలిచి, పదవి చేపట్టకముందే సెనేట్‌కి రాజీనామా చేశారు. అధ్యక్షుడు సభని రద్దు చేయలేడు, సభ అవిశ్వాసం పెట్టి అధ్యక్షుణ్ని దించలేదు. రెండు గడుల మధ్య ఒక్కటే మనిషి వంతెన: ఉపాధ్యక్షుడు సెనేట్‌కి అధ్యక్షత వహిస్తాడు, కానీ ఓట్లు సమానమైతేనే ఆయనకి ఓటు.

ఇప్పుడు బాణాలు. బిల్లు రెండు సభల్లోనూ నెగ్గి అధ్యక్షుడి దగ్గరికి వెళ్తుంది. కాంగ్రెస్ గడి నుంచి అధ్యక్షుడి గడికి ఒక బాణం. ఆయన వీటో చేస్తే వెనక్కి ఒక బాణం. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే వీటో చెల్లదు, మళ్లీ ముందుకి ఇంకో బాణం. ఆ ఆదివారం నేను అడిగిన ప్రశ్నకి జవాబు ఈ మూడో బాణం. ఇలాగే మిగతావి గీయండి: జడ్జీలని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఒప్పుకోవాలి. అధ్యక్షుడు తప్పు చేస్తే ప్రతినిధుల సభ అభిశంసిస్తుంది, సెనేట్ విచారిస్తుంది, అక్కడ మూడింట రెండు వంతులు ఉంటేనే పదవి పోతుంది. యుద్ధం ప్రకటించేది కాంగ్రెస్, సైన్యాన్ని నడిపేది అధ్యక్షుడు. కాగితం నిండా బాణాలు అడ్డదిడ్డంగా పడతాయి. అలా పడాలి కూడా. దాన్నే "చెక్స్ అండ్ బ్యాలెన్సెస్" అంటారు.

ప్రభుత్వం ఎందుకు మూతపడుతుందో కూడా ఈ బొమ్మలోనే కనిపిస్తుంది. చట్టం ద్వారా కేటాయించకుండా ఖజానా నుంచి పైసా తీయకూడదని మొదటి ఆర్టికల్ తొమ్మిదో సెక్షన్‌లో ఉంది. కాంగ్రెస్, అధ్యక్షుడు డబ్బు బిల్లు మీద ఒప్పందానికి రాకపోతే మన దేశంలోలా ప్రభుత్వం పడిపోయి ఎన్నికలు రావు, ఆఫీసులు ఆగిపోతాయి. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు అలాగే జరిగింది. మీ ఇంటర్వ్యూ గురించి బెంగపడేవాళ్లకి ఒక మాట: సిటిజన్‌షిప్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ఎక్కువగా మనం కట్టే ఫీజుల మీదే నడుస్తుంది కాబట్టి, అలాంటప్పుడు కూడా ఆ పని చాలావరకు సాగుతూనే ఉంటుంది.

కోర్టుల గడి చిన్నగా కనిపిస్తుంది. సుప్రీంకోర్టులో ఎంతమంది ఉండాలో కూడా మూడో ఆర్టికల్ చెప్పదు, 9 అనేది కాంగ్రెస్ చేసిన చట్టం. చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టేసే అధికారం కోర్టుకి ఉందని 1803లో మార్బరీ కేసులో చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ తేల్చి చెప్పాడు. ఆ బాణం కూడా గీయండి.

మీ రాష్ట్రంతో సభల లెక్క వేసుకోండి

అంకెలు విడిగా చదివితే కలగాపులగం అవుతాయి. మీ రాష్ట్రం పెట్టి లెక్క కట్టండి. ప్రతినిధుల సభలో 435 మంది, జనాభాని బట్టి. న్యూజెర్సీకి 12. పదవీకాలం రెండేళ్లు. సెనేట్‌లో 100 మంది, రాష్ట్రానికి ఇద్దరు, ఆరేళ్లు. న్యూజెర్సీకి అధ్యక్ష ఎన్నికలో 12, 2 కలిపి 14 ఎలక్టోరల్ ఓట్లు. 435, 100, వాషింగ్టన్ డీసీకి 3, మొత్తం 538. సగానికి పైన 270. ఒకసారి మీ చేత్తో కూడితే ఇక మర్చిపోరు.

రాష్ట్రానికి ఇద్దరు ఎందుకు? పెద్ద రాష్ట్రాలు జనాభా లెక్కన సీట్లు కావాలన్నాయి. చిన్న రాష్ట్రాల తరఫున న్యూజెర్సీకి చెందిన విలియం ప్యాటర్సన్ అన్ని రాష్ట్రాలకీ సమానంగా ఉండాలని ప్రతిపాదించాడు. మా ఉత్తరాన ఉన్న ప్యాటర్సన్ నగరం ఆయన పేరే. 1787 జులైలో రాజీ కుదిరింది: ఒక సభ జనాభా లెక్కన, ఒక సభ సమానంగా. అందుకే ఇవాళ ఆరు లక్షల జనం కూడా లేని వయోమింగ్‌కీ ఇద్దరే, నాలుగు కోట్లకి దగ్గరగా ఉన్న కాలిఫోర్నియాకీ ఇద్దరే. మన రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7 ఉన్నట్టు ఇక్కడ ఉండదు. అయితే ఒక పోలిక ఉంది: 1913లో 17వ సవరణ వచ్చేదాకా సెనేటర్లని కూడా మన రాజ్యసభ సభ్యుల్లాగే రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి.

పర్సు తీసి టేబుల్ మీద పెట్టండి

ఫెడరలిజం, అంటే కేంద్రానికీ రాష్ట్రాలకీ అధికారాలు పంచడం, అన్న మాటకి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. పర్సులో ఉన్నవన్నీ తీసి రెండు వరసలుగా పేర్చండి. డ్రైవింగ్ లైసెన్స్ రాష్ట్రానిది. డాలర్ నోటు, గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు కేంద్రానివి. లైబ్రరీ కార్డు టౌన్‌షిప్‌ది. మనవడి స్కూల్ ఐడీ స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. అత్తయ్యగారు ఆవిడ పర్సు ఖాళీ చేస్తే తిరుమల వెంకన్న బొమ్మ, తెనాలి ఇంటి బీరువా తాళం చెవి కూడా బయటపడ్డాయి. అవి పక్కన పెట్టి మిగతావి పేర్చాం. పది నిమిషాల్లో అర్థమైపోయింది: డబ్బు అచ్చువేయడం, యుద్ధం, ఒప్పందాలు, పౌరసత్వం కేంద్రానివి. చదువు, పోలీసు, లైసెన్సులు, పెళ్లి రిజిస్ట్రేషన్ రాష్ట్రానివి.

తేడా ఒకటి గట్టిగా పట్టుకోండి. మన దేశంలో ఏ జాబితాలోనూ లేని అధికారాలు కేంద్రానికి పోతాయి. ఇక్కడ పదో సవరణ ప్రకారం, కేంద్రానికి ఇవ్వనివి, రాష్ట్రాలకి నిషేధించనివి రాష్ట్రాలకో ప్రజలకో మిగులుతాయి. ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం కూడా ఉంది.

నొప్పి కలిగించే వాక్యాలని దాటేయకండి

మొదటి ఆర్టికల్ రెండో సెక్షన్ నెమ్మదిగా చదవండి. సీట్ల కోసం జనాభా లెక్కించేటప్పుడు స్వేచ్ఛగా ఉన్నవారందరినీ, "మిగిలిన మనుషుల్లో అయిదింట మూడు వంతుల"నీ కలపాలి అని ఉంటుంది. ఆ "మిగిలిన మనుషులు" బానిసలు. బానిస అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. తొమ్మిదో సెక్షన్‌లో 1808 వరకు కాంగ్రెస్ ఆపకూడదన్న "అలాంటి మనుషుల దిగుమతి" కూడా అదే. నాలుగో ఆర్టికల్‌లో పారిపోయినవారిని తిరిగి అప్పగించాలన్న మాట కూడా అదే.

మా అత్తయ్యగారు ఆ పేజీ దగ్గర చాలాసేపు పెన్సిల్ పట్టుకుని ఉండిపోయారు. "మరి 'వుయ్ ద పీపుల్' అన్నారుగా, వీళ్లు పీపుల్ కాదా?" అని అడిగారు. ఆ ప్రశ్న మీరూ అడగాలి. చేతులు కట్టిన ప్రతి చోటా ఎవరివి కట్టారని రాసుకుంటూ వస్తున్నారు కదా, ఇక్కడ మార్జిన్‌లో మనుషుల చేతులే కట్టారని రాయండి. బానిసత్వం అన్న మాట రాజ్యాంగంలోకి మొదటిసారి వచ్చింది దాన్ని రద్దు చేసిన 13వ సవరణలోనే, 1865లో, అంతర్యుద్ధం తర్వాత. ఈ భాగం చదవకుండా సవరణలకి వెళ్తే అవి ఎందుకు అవసరమయ్యాయో అందదు.

సవరణలని నంబరు వరసలో చదవకండి

గుంపులుగా పెట్టుకోండి. మొదటి పది ఒక గుంపు, 1791 నాటి బిల్ ఆఫ్ రైట్స్. మొదటి సవరణలో అయిదు స్వేచ్ఛలు: మతం, మాట, పత్రిక, సమావేశం, విన్నపం. చేతి వేళ్ల మీద చెప్పుకోండి. నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది పోలీసుల, కోర్టుల చేతులు కడతాయి.

ఆరో సవరణ కోసం క్లారెన్స్ గిడియన్ కథ తెలుసుకోండి. ఫ్లోరిడాలో ఒక పూల్‌రూమ్‌లో దొంగతనం చేశాడని 1961లో ఆయన మీద కేసు పెట్టారు. లాయర్ని పెట్టుకోవడానికి డబ్బు లేదు, ఇప్పించమని అడిగితే జడ్జి కుదరదన్నాడు. జైలుకెళ్లాక జైలు కాగితం మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాశాడు. 1963లో కోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన చెప్పింది: పెద్ద నేరం మోపినప్పుడు డబ్బు లేనివారికి లాయర్ని ప్రభుత్వమే ఇవ్వాలి. లాయర్‌తో మళ్లీ విచారణ జరిగితే జ్యూరీ (కేసు విని నిర్ణయం చెప్పే మామూలు పౌరుల బృందం) నిర్దోషి అంది. ఒక్క సవరణలోని కొన్ని మాటలు ఒక మనిషి జీవితంలో ఏం చేస్తాయో ఇంతకంటే దగ్గరగా చూపించే కథ నాకు తెలియదు.

రెండో గుంపు అంతర్యుద్ధం తర్వాతవి: 13 బానిసత్వ రద్దు, 14 (1868) పౌరసత్వం, చట్టం ముందు సమానత్వం, 15 (1870) జాతిని బట్టి ఓటు కాదనకూడదు. మూడో గుంపు ఓటు: 15తో పాటు 19 (1920) ఆడవాళ్లకి, 24 (1964) పోల్ ట్యాక్స్ (ఓటు వేయాలంటే కట్టమనే పన్ను) కట్టకపోయినా ఓటు, 26 (1971) 18 ఏళ్లకి. ఈ నాలుగూ కలిపి అడుగుతారు, కలిపే చదవండి. మిగిలినవాటిలో 22వది చూసుకోండి. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు గెలిచాక, ఎవరూ రెండుసార్లకి మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదని 1951లో వచ్చింది. మార్జిన్‌లో 'రాజు' అని రాయాల్సింది ఇదే.

14వ సవరణ చదివేటప్పుడు మన కథ కూడా చదవండి. భగత్ సింగ్ థింద్ పంజాబ్ నుంచి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో తెల్లవారు, ఆఫ్రికన్ సంతతివారు మాత్రమే పౌరులు కాగలరు. 1923లో సుప్రీంకోర్టు ఆయన తెల్లవాడు కాదని తీర్పు చెప్పింది. దాంతో అప్పటికే పౌరులైన మరికొందరు భారతీయుల పౌరసత్వం కూడా తీసేశారు. సైన్యంలో పనిచేసినవారి కోసం వచ్చిన చట్టం కింద థింద్‌కి 1936లో పౌరసత్వం దక్కింది. మిగతా భారతీయులకి ఆ దారి 1946లో తెరుచుకుంది, అదీ ఏడాదికి వందమంది చొప్పున వలస కోటాతో. పదేళ్లకి, 1956లో, దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి ప్రతినిధుల సభకి గెలిచాడు. మీరు వేయబోతున్న ప్రమాణం వెనక ఇంత దూరం ఉంది.

ఇప్పుడు జాబితా తీయండి

నాలుగో వారంలోనే ప్రశ్నల జాబితాకి రండి. ఒక్కో ప్రశ్న పక్కన అది రాజ్యాంగంలో ఏ ఆర్టికల్‌ది, ఏ సవరణది అని రాయండి. చరిత్ర, భూగోళం ప్రశ్నలు ఎలాగూ విడిగా చదవాలి, వాటికి దగ్గర దారి లేదు. ఇంట్లో ఎవరినైనా ఒకే ప్రశ్న మూడు రకాలుగా అడగమనండి, జవాబు గట్టిగా నోటితో చెప్పండి. మనసులో వచ్చేదీ నోటికి వచ్చేదీ ఒకటి కాదు. జవాబు పొట్టిగా చెప్పి ఆగండి, ఆఫీసర్ వ్యాసం అడగరు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు.

అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, స్పీకర్, మీ గవర్నర్, మీ సెనేటర్లు, మీ ప్రతినిధి పేర్లు ఇంటర్వ్యూకి వారం ముందు మళ్లీ చూసుకోండి. మధ్యలో ఎన్నికలు జరిగితే మారిపోతాయి. ఇంగ్లిష్ చదవడం, రాయడం కూడా ఉంటుంది: మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదివితే చాలు, మూడింటిలో ఒకటి సరిగ్గా రాస్తే చాలు. వాటిలో వచ్చే మాటలు యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఇస్తారు.

ప్రమాణానికి ముందు, తర్వాత

ప్రమాణం అయ్యేదాకా ఎక్కడా ఓటరుగా రిజిస్టర్ కాకండి. లైసెన్స్ ఆఫీసులో ఎవరైనా ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటే, పౌరుడినా అన్న గడి చదవకుండా పెట్టకండి. పౌరులు కానివారు రిజిస్టర్ అయినా, ఓటు వేసినా సిటిజన్‌షిప్ రాకపోవడమే కాదు, దేశం వదలాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ఎన్-400 ఫారంలోనే దాని గురించి అడుగుతారు. పొరపాటున ఇదివరకే సంతకం పెట్టి ఉంటే, ఫారం పంపేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ప్రమాణం అయిన రోజు సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ అక్కడే సరిచూసుకోండి. ఆ రోజుతో భారత పౌరసత్వం ముగుస్తుంది కాబట్టి, భారత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, కావాలంటే ఓసీఐకి (భారత సంతతివారు వీసా లేకుండా వెళ్లిరావడానికి ఇచ్చే కార్డుకి) అప్లై చేసుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో వివరాలు మార్పించుకోండి, ఓటరుగా రిజిస్టర్ అవ్వండి. ఆ తర్వాత ఎప్పుడో ఒక రోజు పోస్టులో జ్యూరీ నోటీసు వస్తుంది. ప్రకటనల కాగితాల్లో కలిపి పారేయకండి, గడువులోపు జవాబు ఇవ్వడం తప్పనిసరి. వయసు వల్లో ఆరోగ్యం వల్లో వెళ్లలేకపోతే ఆ ఫారంలోనే మినహాయింపు అడగొచ్చు. న్యూజెర్సీలో 75 దాటినవారికి అడిగితే ఇస్తారు. వెళ్లగలిగితే వెళ్లండి, ఆరో సవరణ మాట ఇచ్చిన ఆ జ్యూరీలో ఇక మీరూ ఒకరు.